చెరువుగట్టు ఇంట్లో పాపక్క పొయ్యి

సముద్రం చూడాలంటే బెంగళూరువాళ్ళు ఒక రాత్రంతా రైల్లో కూర్చోక తప్పదు. అందుకేనేమో, ఈ సీమలో పెద్ద చెరువు కనబడితే చాలు, దాని పేరు చివర సముద్రమని తగిలించేస్తారు. హలసూరు చెరువుకు ఆ తోక లేదు గానీ, దాని గట్టున ఇళ్ళున్నవారి దర్జాకు మాత్రం ఏ లోటూ ఉండేది కాదు. సాయంత్రమయ్యేసరికి అరుగుల మీదికి చేరి, చెరువు మీది గాలి కూడా తమ పట్టాలో రాసివున్నట్టుగా పీల్చేవారు.

ఆ గట్టున తూర్పు ముఖంగా ఒక తొట్టి ఇల్లు ఉండేది. నడుమ ఆకాశానికి తెరిచిన ముంగిలి, చుట్టూ పనసకొయ్య స్తంభాలు, పైన దూలాలు, వాసాలు, వాటి మీద నాటుపెంకులు. పట్టునూలు వర్తకుడు వెంకటరాయప్ప తాతగారు కట్టించిన ఇల్లది. 1898లో ప్లేగు వచ్చి, జనమంతా ఊరి బయట గుడిసెలు వేసుకుని తలదాచుకున్న రోజుల్లో ఆ ఇంటివారు కదలలేదు. పదకొండు నెలల పాటు, గిన్నె పట్టుకుని వచ్చినవారికల్లా కులం అడగకుండా గంజి పోశారు. ఆ ఇల్లు చరిత్రకెక్కింది ఆ గంజి వల్లనే. వెంకటరాయప్పకు సంతానం లేదు. 1941లో కన్నుమూసే ముందు ఆయన ఇంటిని ఒక సంఘానికి రాసిచ్చి, దీన్ని ఉన్నదున్నట్టుగా కాపాడి పదిమందికీ చూపవలెనని దస్తావేజులో షరతు పెట్టాడు. రెండేళ్ళకు సంఘంవారు వాకిట బోర్డు నిలబెట్టి, వెంకటరాయప్ప స్మారక గృహమని పేరు రాయించారు. వీధివాళ్ళకు అంత పొడుగు పేరు నోట తిరగక 'చూసే ఇల్లు' అన్నారు.

ఆ ఇంట్లో పాపక్క ఉండేది.

ప్లేగులో తల్లినీ తండ్రినీ ఒకే వారంలో పోగొట్టుకుని, అంచు విరిగిన మట్టిచిప్పతో గంజికి వచ్చిన తొమ్మిదేళ్ళ పిల్ల ఆమె. మొదటి రోజు గంజి తాగింది. రెండో రోజు తెడ్డు పట్టుకుని కలియబెట్టింది. మూడో రోజు, ఈ పిల్ల పక్కన లేకపోతే గంజి అడుగంటిపోతుందని వంటామె సుబ్బలక్ష్మమ్మ యజమానులతో చెప్పేసింది. అంతే, ఉండిపోయింది. పదహారో ఏట పెళ్ళి చేసి మాలూరు పంపితే ఎనిమిది నెలలకు మూట పట్టుకుని తిరిగొచ్చి, "ఆడ పొయ్యికి పడమటి గాలి కొడతాది, నాకు సరిపడలేదు" అని నేరుగా వంటింట్లోకి నడిచింది. మొగుడి సంగతి ఎవరూ అడగలేదు. ఆమె చెప్పనూ లేదు.

సుబ్బలక్ష్మమ్మ పోయాక పొయ్యి పాపక్కదైంది. వండి పెట్టడంతో ఆమె పని తీరేది కాదు. అమావాస్యకూ పున్నమికీ ఆ ఇంటికి పొగ పట్టించడం కూడా ఆమె పనే. పొయ్యిలో పచ్చి వేపాకూ కానుగ పిండిచెక్కా వేసి, పైన పొగ పోయే కంతను తడి గోనెతో మూసేది. దారి లేని పొగ అటక మీదికి ఎక్కేది. అక్కణ్ణుంచి పెంకుల కింద వాసాల వెంట నాలుగు వైపులా తిరగాలి. ఏ గది తలుపు ముందు మూయాలి, ఏ కిటికీ ఎంత తెరవాలి, ఏ గాలికి ఏ మూల ఆగాలి అన్నదంతా ఆమె చేతుల్లో ఉండేది. మందను తోలే గొర్రెలకాపరి లాగా ఆమె పొగను ఇల్లంతా తోలుకొచ్చి, చివరికి ముంగిట్లోంచి ఆకాశానికి వదిలిపెట్టేది. వాసాలు నల్లగా నిగనిగలాడేవి.

వెంకటరాయప్ప ఆమెను మరిచిపోలేదు. దస్తావేజులో ఒక వాక్యం రాయించాడు: 'నా ఇంట ఊడిగము చేసిన పాపక్క, తాను అచ్చట కాపురమున్నంత కాలము, వంటింటి పక్క గదిలో ఉండవచ్చును.' గది అన్నాడు. పొయ్యి అనలేదు. పొయ్యి లేని గదిలో మనిషి ఏం తింటుందన్న ప్రశ్న ఆయనకు తోచలేదు. నలభై ఏళ్ళ పాటు వేళకు కంచం ముందుకు వస్తూ ఉంటే, అది ఎక్కడి నుంచి వస్తోందో ఆలోచించే అలవాటు మనిషికి పోతుంది. దస్తావేజులు అటువంటివారే రాస్తారు, వాటి కింద పాపక్కలు బతుకుతారు.

సంఘానికి కార్యదర్శి వెంకటరమణప్ప. ముప్పై ఏళ్ళు కచేరీలో ఇతరుల దస్తావేజులకు నకళ్ళు రాసి పింఛను పుచ్చుకున్నవాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఎదిరించడం సులువుగా ఉండేది. ఉన్నదున్నట్టుగా కాపాడవలెనన్న షరతును ఆయన పదిసార్లు చదివి, ఈ ఇంట్లో ఇకమీదట ఏమీ జరగకూడదని అర్థం చేసుకున్నాడు. 1943 మే నెలలో ఒక ఉదయం వంటింటి గడప దగ్గర నిలబడి, కండువా సర్దుకుని, పాపక్కకు సంగతి చెప్పాడు.

"పాపక్కా, ఇంక ఈ పొయ్యి వెలిగించకూడదు. ఇది ప్రదర్శన వస్తువు."

పాపక్క సంకటి కెలుకుతున్న తెడ్డు ఆపలేదు. "ఏమప్పా, పొయ్యి చూసేకి వచ్చేవాళ్ళకి చల్లారిన పొయ్యి చూపిస్తారా? పెండ్లికి పిలిచి పందిరి గుంజలు చూపించినట్లు ఉంటాది."

"నిప్పుతో ప్రమాదం ఉండాది. సంఘం తీర్మానం చేసింది, ఏడో నంబరు."

"ఏడు తీర్మానాలు చేసినారా అప్పుడే? మిగతా ఆరు దేని మీద?"

"అవి కుర్చీల మీద" అన్నాడు వెంకటరమణప్ప, ఉన్నమాట దాచలేక. "గది నీదే. దాన్ని ఎవరూ కాదనలేరు. దస్తావేజు ఉండాది."

"గదిలో కూచుని నేనేం తినల్ల?"

"హోటలు నుంచి రెండు పూటలా క్యారియరు తెప్పిస్తాము."

"దాంట్లో సంకటి ఉంటాదా?"

"ఇడ్లీ ఉంటాది."

"ఇడ్లీ జ్వరమొచ్చినోళ్ళకి గదప్పా" అంది పాపక్క, తెడ్డు గిన్నె అంచుకు కొట్టి.

ఆ వారమే పదిమంది కూలీలు నిచ్చెనలతో దిగారు. సోడా కలిపిన వేడినీళ్ళతో, కొబ్బరి పీచుతో వాసాలనూ దూలాలనూ స్తంభాలనూ తోమారు. నలభై ఏళ్ళుగా పాపక్కా, అంతకు ముందు సుబ్బలక్ష్మమ్మా, ఆమెకు ముందు పేర్లు ఎవరికీ గుర్తులేని మరెవరో వంటామెలూ పట్టించిన నలుపంతా కారి, ముంగిట్లో సిరా చెరువు కట్టింది. పాపక్క అందులో కాళ్ళు తడవకుండా ఒక పక్కగా నిలబడింది.

"అది మురికి కాదప్పా" అంది.

"మరేంది?"

"మసి."

"మసి అంటే మురికే గదా, పాపక్కా."

ఆ మసి ఎందుకుండాలో పాపక్క చేతులకు తెలుసు. కానీ ఆమె చేతుల్ని ఎవరూ ఏమీ అడిగి ఎరగరు, కనుక జవాబు అమర్చుకునే అవసరం ఆమెకు ఏనాడూ పడలేదు. చదువుకున్నవాడి అజ్ఞానం మాటలతో నిండి ఉంటుంది. చదువురాని మనిషి జ్ఞానం తరచూ ఆ మాటల ముందు మూగబోతుంది. ఈ దేశంలో ఓడిపోయిన వ్యాజ్యాల్లో సగం అలా ఓడిపోయినవే.

ఆమె పెరట్లో కుంపటి పెట్టుకుంది. దాన్నీ వద్దంటూ తొమ్మిదో తీర్మానం వచ్చింది. పదకొండు రోజులు హోటలు క్యారియరు తింది. పన్నెండో రోజు రెండు చీరలూ ఒక దుప్పటీ మూట గట్టి, ప్రదర్శన వస్తువుల జాబితాలో ఉన్నది గనుక ఊదుగొట్టాన్ని గోడకే వదిలేసి, వర్తూరులో ఉన్న తమ్ముడి కూతురు సుశీల ఇంటికి వెళ్ళిపోయింది.

వర్తూరులోనూ చెరువుంది, గాలుంది, సంకటి ఉంది. లేనిది తన పొయ్యి. పొద్దున్నే లేచి అలవాటు కొద్దీ పొయ్యి ముందు చతికిలబడితే, సుశీల నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేది. "అత్తా, నా పొయ్యి కాడ నువ్వు కూచుంటే నేను యాడ కూచునేది?"

"సుమ్నె, ఊరికే చూస్తా ఉండాను లేవే."

"చూసేదానివి కట్టెలెందుకు సర్దతా ఉండావు? ఇరవైరోజుల నుంచి నా మొగుడు నువ్వు చేసిన చారే బాగుండాదంటాడు. నా కొంప మీదికొచ్చింది."

నవ్వులాటగానే అన్నది. అయినా పాపక్క లేచి వెళ్ళి అరుగు మీద కూర్చునేది. ఏ పొయ్యీ తనది కాని ఇంట్లో ఎంత ప్రేమగా చూసినా మనిషి చుట్టమే.

డిసెంబరులో హలసూరు నుంచి ఉత్తరం వచ్చింది. బడి అయ్యవారు చదివి చెప్పాడు. ఆరు నెలలుగా పాపక్క ఆ గదిలో కాపురం లేదు గనుక, కాపురమున్నంత కాలమే హక్కు గనుక, ఉగాది లోపల వచ్చి నివసించనట్లయితే గదిని సంఘం కార్యాలయంగా మార్చుకుంటారట. మొదట పొయ్యి ఆర్పించారు. తినడానికి లేకుండా చేశారు. ఆమె వెళ్ళిపోయాక, వెళ్ళిపోయావు గనుక నీ హక్కు చెల్లదన్నారు. తాను చేసిన తప్పు నుంచి తానే లాభం పొందకూడదని న్యాయశాస్త్రం మొదటి పాఠాల్లోనే చెబుతుంది. వెంకటరమణప్ప ఆ పుస్తకాలకూ నకళ్ళు తీసివుంటాడు, చదివివుండడు.

"పోయి ఉండు అత్తా" అంది సుశీల. "గది పోతాది."

"పోయి ఏం తినేది? గోడలా?" అంది పాపక్క. కానీ ఆ పూట ఆమె అన్నం సరిగా తినలేదు. నలభై అయిదేళ్ళు ఉన్న చోటు మూడు నెలల్లో ఎవరిదో కార్యాలయమైపోతుంది.

ఫిబ్రవరిలో ఆ ఇంటి తలుపు ఒకటి మూసుకోవడం లేదని వెంకటరమణప్ప వడ్రంగి చిక్కమునియప్పను పిలిపించాడు. చిక్కమునియప్ప ముంగిట్లో అడుగు పెట్టి, స్తంభం మొదట్లో నేల మీద పోగైన తెల్లటి పొడిని చూసి, వేలితో తీసి వాసన చూశాడు.

"ఈడ ఎవరన్నా పిండి విసిరినారా, అప్పా?"

"లేదే."

చిక్కమునియప్ప నిచ్చెన వేసుకుని దూలాన్ని సుత్తి పిడితో తట్టాడు. ఖాళీ డబ్బా మోగినట్టు మోగింది. రెండోదీ అంతే. మూడో దాన్ని తట్టకుండానే దిగివచ్చాడు. "పురుగు పట్టింది. వాసాలన్నీ సూదులతో పొడిచినట్లుండాయి. ఇంకొక వానకాలం ఆగితే మీ బోర్డు మాత్రం నిలబడతాది."

"నూరేళ్ళు పట్టని పురుగు ఇప్పుడెట్ల పట్టిందయ్యా?"

"నూరేళ్ళు పొగుండింది, మసుండింది. మసి పట్టిన కొయ్యని పురుగు ముట్టదు. దాన్ని మీరు సబ్బేసి కడిగేసినారు. పొగ పెట్టే మనిషిని హోటలుకి పంపినారు." చిక్కమునియప్ప సుత్తి సంచిలో వేసుకున్నాడు. "మా నాయన చెప్పేవాడు, ఈ ఇంట్లో కొయ్యపని మాకు రాదు, ఆ వంటామె ఉన్నంత కాలం మాకు కూలి దొరకదని."

వెంకటరమణప్ప అంత తేలిగ్గా ఓడిపోయే మనిషి కాదు. కిరసనాయిలు పూయిద్దామన్నాడు. యుద్ధకాలం, అది రేషను మీద సీసాల లెక్కన దొరుకుతోంది. స్మారక గృహానికి కార్డు లేదు, ఎందుకంటే అందులో ఎవరూ కాపురం లేరు. సరే, పొగే కదా అనుకుని, సందర్శకులు రాని ఒక సోమవారం తానే పొయ్యి ముందు కూర్చున్నాడు. ఏడో తీర్మానం తాత్కాలికంగా నిలిపివేయబడినదని ఒక చీటీ కూడా రాసి జేబులో పెట్టుకున్నాడు. పచ్చికట్టెలు పేర్చి, ఊదుగొట్టంతో ఊదాడు. పొగ రానే వచ్చింది. పైకి పోలేదు. ఆయన ముఖం మీదికి, అక్కణ్ణుంచి నడవలోకి, అక్కణ్ణుంచి అద్దం కింద పరిచిన వెంకటరాయప్పగారి జరీ తలపాగా మీదికి పోయి, ముంగిట్లోంచి హాయిగా బయటపడింది. వాసాల వైపు తిరిగి కూడా చూడలేదు.

ఆయన దగ్గుతూ బయటికి వచ్చాడు. అరుగు మీద చిక్కమునియప్ప వక్క కొరుకుతూ కూర్చుని ఉన్నాడు.

"పొగ బాగా పడతా ఉండాది, అప్పా" అన్నాడు. "మీకు ఇంక పురుగు పట్టదు."

మరునాడు వెంకటరమణప్ప బొగ్గుతో నడిచే బస్సు ఎక్కాడు. మారతహళ్ళి దగ్గర అది అలసిపోయి నిలబడింది. మిగిలిన దూరం రాగి కోతలు అయిపోయిన చేల గట్ల మీద నడిచి, చెమటతో, చేతిసంచిలో ఒక కాగితంతో వర్తూరు చేరాడు.

పాపక్క అరుగు మీద కూర్చుని, నానబెట్టిన అనపగింజలు పిదుకుతోంది. వేలు నొక్కితే పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది, తొక్క చేతిలో మిగులుతుంది. ఆయనను చూసి లేవలేదు గానీ, చాప కాస్త జరిపింది.

"కూచోండప్పా. నీళ్ళు తాగతారా? సుశీలా, మజ్జిగుంటే తీసుకురా."

వెంకటరమణప్ప మజ్జిగ తాగి, పురుగు సంగతంతా చెప్పి, సంచిలోంచి కాగితం తీశాడు. "నువ్వు రావల్ల, పాపక్కా. అంతా రాసుకుని వచ్చినాను."

"చదవండి."

"పాపక్క వంటింటి పొయ్యి వెలిగించుకొనుటకు సంఘము అనుమతించడమైనది."

పాపక్క ఒక గింజ పిదికింది. "అనుమతి అంటే?"

"అంటే... వెలిగించుకోవచ్చునని మేము ఒప్పుకున్నట్లు."

"రేపు ఒప్పుకోకపోతే?"

"ఎందుకు ఒప్పుకోము?"

"మొన్న ఒప్పుకోలేదు గదా. అదొద్దు. హక్కని రాయండి."

"రెండూ ఒకటే, పాపక్కా."

"ఒకటే అయితే నాది రాసేకి మీకేమి కష్టం?"

ముప్పై ఏళ్ళ కచేరీ జీవితంలో వెంకటరమణప్పకు ఆ ప్రశ్న వేసినవారు లేరు. ఆయన తెలియకుండానే గిన్నెలోంచి ఒక గింజ తీసుకుని పిదికాడు. పప్పు ఎగిరి ఆయన కండువాలో పడింది.

"గట్టిగా నొక్కొద్దు, అంచున నొక్కల్ల" అంది పాపక్క. "ఇంకా వినండి. గదీ పొయ్యీ రెండూ నేను బతికినన్నాళ్ళూ నావి. నేను నెల్లాళ్ళు ఊరికి పోయినా నావే. కాపురమున్నంత కాలమనే మాట తీసేయల్ల. పెరటి తలుపు తాళంచెవి నా కొంగున ఉండల్ల. నేను పట్టించిన మసిని ఎవరూ తోమకూడదు."

"సంఘంవాళ్ళు ఇన్ని ఒప్పుకోరు. స్మారక గృహం అది. చరిత్ర ఉండే ఇల్లు."

"ఆ చరిత్ర ఏమని రాసినారప్పా మీ బోర్డు మీద?"

"ప్లేగు కాలంలో గంజి పోసి జనాన్ని కాపాడిన ఇల్లని."

"ఆ గంజి యాడ కాచినారు? బోర్డు మీదనా?"

లోపలి నుంచి సుశీల నవ్వింది. వెంకటరమణప్ప నవ్వలేదు, కానీ జేబులోంచి కలం తీశాడు. 'అనుమతించడమైనది' అన్నచోట కొట్టేసి పైన 'హక్కు కలదు' అని రాశాడు. "నీ తరువాత?" అన్నాడు తలెత్తకుండా. "ఆ పొగ పెట్టేది నీకొక్కదానికే తెలుసు."

"ఎవరికన్నా నేర్పిస్తాను. వాళ్ళకీ ఇదే హక్కని రాయండి. నౌకరని రాయొద్దు."

"సంఘం..."

"దూలాలు మోస్తా ఉండేది ఇంటినా, సంఘాన్నా? దూలాలకి ఏమి కావల్లనో చెప్తా ఉండాను నేను."

ఉగాదికి ఎనిమిది రోజుల ముందు, స్టాంపు కాగితం మీద అది దస్తావేజయింది. చిక్కమునియప్పా సుశీలా సాక్షులు. సంఘంవారు రెండు గంటలు వాదించుకుని, మధ్యలో అధ్యక్షుడి కుర్చీ వెనక రాలిన పిండి చూసి, ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. పాపక్క మూడుసార్లు చదివించుకుంది. రెండోసారి చదువుతూ వెంకటరమణప్ప 'హక్కు' దగ్గర కాస్త తొందరపడితే, వెనక్కి పోయి మళ్ళీ చదవమంది. ఆ తరువాతనే వేలిముద్ర వేసింది.

అమావాస్య నాడు ఉదయం ఆమె అందర్నీ బయటికి పంపి తలుపు మూసుకుంది. కాసేపు ఏమీ జరగలేదు. తరువాత వంటింటి పైనున్న పెంకుల సందుల్లోంచి సన్నగా మొదలై, ఉడుకుతున్న గిన్నె మూత చుట్టూ ఆవిరి లేచినట్టు, తూర్పు చూరు, దక్షిణపు చూరు, ఒక్కొక్కటే పొగలెత్తాయి. ఏడాదిగా ఆ దృశ్యం మరిచిపోయిన వీధి ఉలిక్కిపడింది. చెరువులో బట్టలుతికేవాళ్ళు నీళ్ళ బకెట్లతో, ఆడవాళ్ళు బిందెలతో పరుగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు సున్నం బట్టీ నరసింహప్ప రెండు చేతులా రెండు బానలు పట్టుకుని గేటు దగ్గరికి చేరాడు.

వెంకటరమణప్ప గేటుకు అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు.

"ఇల్లు కాలతా ఉంటే అడ్డం నిలబడతారేమప్పా, జరగండి."

"కాలడం లేదు నరసింహప్పా. ఇది షరతు ప్రకారం జరగతా ఉండాది." ఆయన నకలు తీసి విప్పాడు. "రెండో షరతు. అమావాస్యకూ పున్నమికీ ఇంటికి పొగ పట్టించవలెను."

"లోపల ఎవరుండారు?"

"పాపక్క."

"అయ్యో, ఆయమ్మ లోపలుందా?"

"సంకటి కెలకతా ఉండాది" అన్నాడు వెంకటరమణప్ప, కాగితం మడుస్తూ. "అది ఆమె హక్కు. ఎవరూ పోకూడదు. నేను కూడా పోకూడదు."

నరసింహప్ప బానలు నేల మీద దించి, పొగ వంకా కార్యదర్శి వంకా మార్చి మార్చి చూశాడు. "హక్కయితే ఉండనీ. మాకేమి? కానీ మా కండ్లు మండతా ఉండాయి, దానికేమన్నా రాసినారా?"

"రాయలేదు" అన్నాడు వెంకటరమణప్ప, కండువా అంచుతో తన కళ్ళు తుడుచుకుంటూ. లోపల పాపక్క నడిమింటి తలుపు మూసి, ఉత్తరపు గది కిటికీ బెత్తెడు తెరిచింది. పొగ అటు తిరిగింది.